తోటకూర మొక్క పెరుగు తీరు, పూత, గింజ

(విత్తనము నిలుపుకొను రైతుల కొరకైన ఉపన్యాసము)



తోటకూర పండించు రైతుల నోట ఒక ఫిర్యాదు తరచుగా వినవచ్చుచుండును. మొదటి యేట విత్తనము వేసినప్పుడు మొక్క మోకాలెత్తు పెరిగి, లావు కాడతో, వెడల్పు ఆకుతో మూడు నాలుగు కోతలిచ్చినది. అదే విత్తనమును ఇంటనే నిలిపి నాలుగైదేండ్లు వేయగా మొక్క జానెడు పెరుగకమునుపే కంకి తీయుచున్నది. ఆకు చిన్నదై, కాడ నారపట్టి, కట్టలు కట్టి అంగడికి దెచ్చినను కొనువారు పెదవి విరుచుచున్నారు. దీనికి కొందరు భూమి సారము తగ్గినదందురు. కొందరు కాలము మారినదందురు. మరికొందరు మొదట విత్తనమమ్మిన వర్తకుని నిందింతురు.

విత్తొకటి పెట్టిన చెట్టొకటి మొలుచునా యను సామెత అందరెరిగినదే. ఆ సామెత ఇచ్చట అక్షరాల నిజము. రైతు ఏ చెట్టు గింజను దాచెనో ఆ చెట్టే మరల మొలిచినది. ఇది ఎట్లు జరిగెనో తెలియవలెనన్న, తోటకూర మొక్క పెరుగు తీరునకును, పూయు తీరునకును, గింజ కట్టు తీరునకును గల సంబంధమును మొదట గ్రహింపవలెను. అది తెలిసిన పిదప చేయవలసిన పని స్వల్పము; అందుకగు వ్యయమును స్వల్పమే.

తోటకూరలోని తెగలు

తోటకూర యను పేరు ఒక్క మొక్కకు చెల్లునది కాదు. పెరుగు తోటకూర, కొయ్య తోటకూర, ఎఱ్ఱ తోటకూర, చిలుక తోటకూర యని తెలుగునాట రైతులు వేరువేరుగ పిలుచుచున్నారు. విత్తకయే చేలలో మొలచు ముళ్ళ తోటకూరయు ఈ కుటుంబములోనిదే. ఇవి గాక గింజ కొరకు పండించు తెగ యొకటి కలదు. దానిని మహారాష్ట్ర, గుజరాతు ప్రాంతములలో రాజగిరా యందురు. హిమాలయ ప్రాంతములలో చౌలాయి యనియు, రామదానా యనియు అందురు. ఉపవాస దినములందు దాని పేలాలతో చేసిన లడ్డు అచ్చటివారికి ఆహారము. ఆ గింజలో నూటికి 13 మొదలు 15 పాళ్ళ వరకు మాంసకృత్తులుండును.

పెరుగు తోటకూర ఆసియా ఖండములోనిది. గింజ కొరకు పండించు జాతులు మూడును అమెరికా ఖండమునుండి వచ్చినవి. 1521లో స్పెయినువారు మెక్సికోను జయించుటకు పూర్వము, అచ్చటి ఆజ్‌టెక్ ప్రభువులకు ప్రజలు ఈ గింజను పన్నుగా కొలుచుచుండిరి. ఏ దేశమునుండి వచ్చినను, ఈ జాతులన్నిటిలో పెరుగుటకును పూచుటకును నడుమ ఒకే విధమగు లెక్క కలదు. ఆ లెక్కయే ఈ ఉపన్యాసమునకు ముఖ్య విషయము.

జొన్న, కంది, తోటకూర

జొన్నను చూచినయెడల, కంకి వెలువడిన పిమ్మట ఆ కాండము మరి పెరుగదు, క్రొత్త ఆకు వేయదు. తిన్న తిండియంతయు గింజకే పోవును. కంకియంతయు కొలది దినముల తేడాతో పండును. రైతు ఒకే పర్యాయము కోసికొనును. ఇట్టి పెరుగుదలను పరిమిత వృద్ధి యందురు. కందిని చూచినయెడల, అది పూయుచునే పెరుగును, పెరుగుచునే పూయును. క్రింది కొమ్మలయందు కాయ ఎండుచుండగా పై కొనలయందు పసుపుపచ్చని పూవు కనబడును. ఇట్టిది అపరిమిత వృద్ధి.

తోటకూర జొన్నవలె కంకి వేయును గాని, నడవడి కందిది. కంకి బయటికి వచ్చిన తరువాతను దాని కొన మెల్లమెల్లగా సాగుచునే యుండును. కంకి మొదటి భాగమున గింజ గట్టిపడుచుండగా కొనయందు క్రొత్త పూగుత్తులు పుట్టుచుండును. అందుచేత ఒకే కంకిలో పండిన గింజ, పాలుపట్టుచున్న గింజ, ఇంకను విచ్చని పూవు మూడును కలిసియుండును.

అయినను తోటకూరలన్నియు ఒకే తీరున పెరుగవు. రైతు గమనింపదగిన భేదములు మూడు గలవు.

మొదటిది, పూవు పుట్టుచోటు. పెరుగు తోటకూర వంటి ఆకుకూర తెగలలో, ఆకు కాడ కాండమును కలియు ప్రతి సందునందును చిన్న పూగుత్తి యేర్పడును. కడపట కొనయందు ఒక చిన్న కంకి వచ్చును. గింజ తెగలలోనో, కాండము సూటిగా పైకి లేచి కొనయందు పెద్ద కంకిగా మారును. పూవులో అధికభాగము అచ్చటనే చేరును. సందులలో పూయు మొక్కయందు గింజ మొక్క పొడవునను చెదరియుండును. కొనయందు పూయు మొక్కయందు గింజ ఒకచోట కూడియుండును. మొదటిదానిని కోయుట, నూర్చుట కష్టము; రెండవది సులువు.

రెండవది, కొమ్మలు. తోటకూర మొక్కకు చోటు విస్తారముగ నుండినయెడల ప్రక్క కొమ్మలు వేయును. ఒత్తుగా నుండినయెడల ఒంటి కాండముతో నిలుచును. ప్రక్క కొమ్మల కంకులు నడిమి కంకి కంటె ఆలస్యముగా పూచును. ఆముదపు చెట్టున మొదటి గెల ఎండిన చాల దినములకు గాని ప్రక్క గెలలు పండవు గదా, ఇదియు నట్టిదే. ఆముదమును రెండు మూడు పర్యాయములు కోయు ఓపిక రైతునకు కలదు. తోటకూర గింజ ఇసుక రేణువంతటిది గనుక అట్లు పదేపదే కోయుట సాగదు.

మూడవది, కంకి నిలుచు తీరు. కొన్నిటి కంకి నిటారుగ నిలుచును. కొన్నిటిది తోకవలె క్రిందికి వ్రేలును. గాలివానకు బరువెక్కిన కంకితో మొక్క పడిపోవుట పొడవైన తెగలలో సామాన్యము. కంకి నిలుచుటయో వ్రేలుటయో, పెరుగుదల ఒకచోట ఆగుటయో ఆగకపోవుటయో, మొక్క పొట్టిదగుటయో — ఇవి వంశపారంపర్యముగా దిగు గుణములని వ్రేలాడు కంకి జాతిపై జరిపి 1987లో ప్రకటించిన పరిశోధన యొకటి చూపినది. అనగా ఇవి రైతు ఎన్నుకొనుటకు లొంగు గుణములు, దైవాధీనములు కావు.

పూత ఎట్లు గింజయగును

తోటకూర పూవు రంగును చూపి తేనెటీగను పిలుచు పూవు కాదు. పుప్పొడిని ఎక్కువగా గాలియే మోయును. ఒకే మొక్కపై మగపూవులును ఆడుపూవులును వేరువేరుగ నుండును. గింజ తెగల కంకిలో ప్రతి చిన్న గుత్తికిని మొట్టమొదటి పూవు మగది. దానివెంట వచ్చునవి ఆడువి, అనేకము. మగపూవు పుప్పొడి రాల్చి తాను రాలిపోవును. తరువాత విచ్చు ఆడుపూవులకు ఆ గుత్తిలోనే పుప్పొడి దొరకదు. అదే కంకిలోని మరియొక గుత్తినుండియో, ప్రక్క కొమ్మనుండియో, ప్రక్క మొక్కనుండియో రావలెను.

దీనినిబట్టి రెండు సంగతులు తేటపడును. తోటకూర తన పుప్పొడితోనే చాలవరకు గింజ కట్టును. అయినను ఇరుగుపొరుగు మొక్కల పుప్పొడిని కొంత తప్పక గ్రహించును. గింజ తెగలలో ఈ పరసంపర్కము నూటికి 4 పాళ్ళు మొదలు 34 పాళ్ళ వరకును కనుగొనబడినది. కావున విత్తనము కొరకు నిలిపిన మేలైన మొక్క ప్రక్కన తొందరపడి పూచిన కురుచ మొక్క నిలిచియున్నచో, దాని గుణము మేలైన మొక్క గింజలోనికిని ప్రవేశించును. గట్టున పెరుగు తోటకూరలును ఒక్కొక్కప్పుడు ఇట్లే చెరచును. అందుచేతనే విత్తనపు చేనికిని ఇతర తోటకూర చేలకును నడుమ 200 మీటర్లు మొదలు 400 మీటర్ల వరకు దూరముండవలెనని విత్తన ధ్రువీకరణ నియమములు చెప్పుచున్నవి.

ప్రతి ఆడుపూవు ఒక్కటే గింజను కట్టును. గింజ చుట్టును పలుచని పొర బరిణెవలె ఏర్పడును. పండగానే చాల తెగలలో ఆ బరిణె నడుమకు చిట్లి, పై మూత ఊడి, గింజ జారిపడును. గింజ జారిపడినను దానిచుట్టునుండు సన్నని పొట్టు రేకులు వాడవు, రంగు మారవు. కంకి నిండుగ, ఎఱ్ఱగనో పచ్చగనో నిగనిగలాడుచునే యుండును. తోటకూర జాతికి యూరపు శాస్త్రజ్ఞులు పెట్టిన అమరాంథస్ అను పేరు వాడని పూవు అను అర్థముగల గ్రీకు మాటనుండి పుట్టినది. ఆ వాడని సొగసే రైతును మోసగించును. కంకి రంగు చూచి ఇంకను పండలేదని కాచుకొనియున్న రైతునకు, మొదట పండిన గింజ అదివరకే నేలపాలైన సంగతి తెలియదు.

మొదటి గింజ, కడపటి గింజ

ఆకు మొక్కకు వంటయిల్లు. అచ్చట వండబడిన ఆహారమే గింజలోనికి పోవును. కంకి మొదటి భాగమున ముందుగా కట్టిన గింజకు నిండు ఆకుల ఆహారము లభించును. అది బరువుగా, గట్టిగా నుండును. క్రింది ఆకులు పండి రాలిన పిదప కొనయందు కట్టు గింజకు మిగిలిన ఆహారము తక్కువ. అది తేలికగా, తాలుగా నుండును. తేలిక గింజ మొలిచినను మొలక నీరసముగా నుండును.

అపరిమితముగ పెరుగు మొక్క రైతునకు పెట్టు చిక్కు ఇదియే. ముందుగ కోసినచో కొన గింజ తాలగును. ఆలసించినచో మొదటి గింజ, అనగా మేలైన గింజ, రాలిపోవును. ఆలసించి కోసిన రైతు చేతికి కడపటి గింజయే ఎక్కువగా వచ్చును. ఏటేట ఇట్లు జరిగినచో మంచి గింజ భూమికిని, నాసి గింజ గాదెకును చేరుచున్నట్లు గ్రహింపవలెను.

పగటి పొడవు చేయు పని

మొక్క ఎప్పుడు పెరుగుట తగ్గించి పూతకు దిగునో దానికి వయస్సొక్కటే కారణము కాదు. తోటకూరలో చాల తెగలు పగటి పొడవు తగ్గినప్పుడు త్వరగా పూచును. హైదరాబాదు ప్రాంతమున జూన్ నెల నడిమికి పగలు ఇంచుమించు 13 గంటలుండును. డిసెంబరులో ఇంచుమించు 11 గంటలే. ఎండకాలపు చివరను, తొలకరిని విత్తిన తోటకూర చాల దినములు ఆకు వేయుచు పెరుగును. స్వాతి కార్తె దాటిన పిమ్మట విత్తినది, పగలు కురచయగుట వలన, చిన్న వయస్సుననే పూతకు దిగును. నీటి యెద్దడి, నారుమడిలో మిక్కిలి ఒత్తుగా నుండుట, ముదురు నారును పీకి నాటుట — ఇవియు పూతను త్వరపెట్టును.

పూత త్వరపడినప్పుడు మొక్క శరీరము చిన్నది, ఆకులు తక్కువ. కావున కంకియు చిన్నది, గింజయు కొంచెమే. ఆలస్యముగా పూచు మొక్క మొదట శరీరమును పెంచుకొని, ఆకులను కూర్చుకొని, తరువాత పెద్ద కంకి వేయును. మొక్క పెరుగుదలలో గడచిన దినములు వ్యర్థములు కావు. అవి గింజకు మూలధనము.

అయినచో మార్గశిరమున పూచిన మొక్కను చూచి విత్తనము చెడ్డదని తీర్పు చెప్పరాదు. అది కాలగుణము కావచ్చును. ఒకే మడిలో, ఒకే దినమున విత్తి, ఒకే నీరు పారిన మొక్కలలో ఏది ముందు పూచెను, ఏది వెనుక పూచెను అని పోల్చి చూచినప్పుడే జాతి గుణము తెలియును. గట్టుమీది మొక్కను మడి నడుమనున్న మొక్కతో పోల్చుట తగదు.

విత్తనము చెడు మార్గము

పై సంగతులు తెలిసినపిదప మొదట చెప్పిన ఫిర్యాదునకు కారణము దానంతటదియే కనబడును. ఆకుకూర మడిలో రైతు ప్రతిదినము చేయు పని యేమి? ఏపుగ, లేతగ, వెడల్పాకుతో నుండు మొక్కలను పీకియో కోసియో అంగడికి పంపును. తొందరపడి కంకి వేసిన మొక్కలను కొనువారు లేరు గనుక మడిలోనే వదలును. అవి అచ్చటనే గింజ కట్టును. కడపట మడి దున్నుటకు ముందు ఆ కంకులను దులిపి, రాబోవు పంటకు విత్తనమని మూటగట్టును.

అనగా ఆలస్యముగా పూచు మేలైన మొక్క సంతానము లేకయే తరలిపోయినది. త్వరగా పూచు మొక్కకు మాత్రము మడియంతయు వారసత్వముగ లభించినది. ఏ రైతును దీనిని బుద్ధిపూర్వకముగ చేయుట లేదు. అయినను చేయు పని ఎన్నికయే. మంచి ఎడ్లనెల్ల సంతలో అమ్మి, అమ్ముడుపోని కోడెను ఆబోతుగ విడిచిన ఊరిలో పసరము ఎట్లు క్షీణించునో, తోటకూరయు అట్లే క్షీణించును. పసరముల విషయమున ఇట్టి పొరపాటు తెలియుటకు అనేక సంవత్సరములు పట్టును. తోటకూర ఏడాదిలో మూడు పంటలు తీయదగినది గనుక నాలుగైదేండ్లలోనే ఫలము కనబడును.

ఎన్నిక వలన చెడినది ఎన్నిక వలననే బాగుపడును. త్వరగా పూచుట తల్లినుండి పిల్లకు దిగు గుణమయినట్లే ఆలస్యముగా పూచుటయు దిగు గుణమే.

విత్తనపు మడిని నిలుపు విధము

ఆకు కొరకు వేసిన మడిలో మిగిలిన దానిని విత్తనముగ తీయుట మానవలెను. విత్తనమునకు వేరుగ కొంచెము నేల కేటాయింపవలెను. తొలకరి తరువాత విత్తినచో మొక్కకు శరీరము పెంచుకొనుటకు తగిన పొడుగు పగళ్ళు దొరకును. పగళ్ళు తగ్గుచుండగా పూతకు దిగి, వానలు వెనుకపట్టిన పిమ్మట గింజ ఎండును. గింజ మిక్కిలి చిన్నది గనుక పొడి ఇసుకతో కలిపి, అర అంగుళమునకు మించని లోతున విత్తవలెను. వరుసకును వరుసకును 18 అంగుళములు, వరుసలో మొక్కకును మొక్కకును 6 అంగుళములు ఎడముండునట్లు ఒత్తు తీసివేయవలెను. ఇంతకంటె ఎడమైనచో ప్రక్క కొమ్మలు విస్తరించి పండుట ఎగుడుదిగుడగును. మరీ ఒత్తయినచో కాండము సన్నగిల్లి కంకి చిన్నదగును.

మొట్టమొదట కంకి తలచూపిన మొక్కలను, వాని మగపూవులు విచ్చకముందే పీకివేయవలెను. ఇవియే అంగడికో ఇంటి కూరకో పోదగినవి. ఇట్లు రెండు మూడు దినములకొక పర్యాయము మడిలో తిరుగుచు తొందర మొక్కలను తీసివేయుచుండగా, మడిలో సుమారు సగము మిగులును. మిగిలినవానిలో కాడ లావు, ఆకు వెడల్పు, చీడలేమి చూచి, మేలైనవానికి దారము కట్టి గుర్తు పెట్టుకొనవలెను. ఒక్క మొక్కనే కాక పలు మొక్కల గింజను కలిపి నిలుపుట మంచిది. ఒక్క మొక్క సంతతిలో ఒక్క లోపము అన్నిటికిని సంక్రమింపవచ్చును.

విత్తనపు మొక్క ఆకును కోయరాదు. కొన తుంచినచో మొక్క చావదు. ప్రక్క కొమ్మలు వేయును. పూత వెనుకకు పోవును. పదేపదే ఆకు కోయుటకు ఇది మేలే. కోయంబత్తూరున రూపొందిన సి.ఓ.-3 అను తోటకూర ఇట్లు కొనలు కోయుటకే ఉద్దేశింపబడినది. దానిని విత్తిన మూడు వారములకు మొదలుపెట్టి మూడు నెలలలో పది కోతల వరకు కోయుదురు. గింజ విషయమున ఇదే కీడు. నడిమి కంకి పోయి, అనేకములగు చిన్న ప్రక్క కంకులు వచ్చి, ఒక్కొక్కటి ఒక్కొక్క దినమున పండును. ఆకు కావలసినచోట కోత, గింజ కావలసినచోట ఓపిక — రెంటిని ఒకే మొక్కనుండి నిండుగ కోరుట తగదు.

మొక్క నడుము ఎత్తునకు రాకముందే మొదళ్ళకు మట్టి ఎగదోసినచో గాలికి పడిపోదు. కాండము తొలుచు ముక్కుపురుగు పట్టిన మొక్క వాచి, గాలికి విరుగును. అట్టిదానిని కోసి కాల్చవలెను. మడిలో మొలచిన ముళ్ళ తోటకూరను, చిలుక తోటకూరను పూతకు ముందే పీకవలెను. వాని గింజ నలుపు. పరిమాణము విత్తనపు గింజతో ఇంచుమించు సమానము. ఒక్కసారి కలిసినపిదప జల్లెడతో వేరుచేయుట సాధ్యము కాదు.

గింజ కొరకు పండించు రైతునకు వేరు మాట

పైన చెప్పిన ఎన్నిక ఆకుకూర కొరకైనది. రాజగిరా గింజనే పంటగా తీయగోరు రైతునకు మిక్కిలి ఆలస్యముగా పూచు మొక్క పనికిరాదు. నేలలో తడి యుండగానే గింజ నిండవలెను. అతడు వెదుకవలసినది వేరు గుణము: మొక్కలన్నియు ఒకే వారములో పూచుట, ఒంటి కాండము, నిటారు కంకి, రాలని గింజ, తెల్లని గింజ. సిమ్లా పరిశోధనా కేంద్రమునుండి వచ్చిన అన్నపూర్ణ, బెంగుళూరునుండి వచ్చిన సువర్ణ, గుజరాతునుండి వచ్చిన గుజరాత్ అమరాంత్-1 మొదలగు రకములు ఈ ఉద్దేశముతో ఏర్పరుపబడినవే. ఆ చేలలో కొమ్మలు విస్తరించిన మొక్కలను, నల్లగింజ మొక్కలను ఏరివేయుట ముఖ్యము. ఆకు రైతు ఆలస్యమును కోరవలెను. గింజ రైతు సమానత్వమును కోరవలెను. ఒకరి విత్తనము మరియొకరికి తగదు.

కోత, నూర్పు, నిలువ

కంకి రంగును నమ్మరాదని ముందే చెప్పబడినది. పరీక్ష చేతితో చేయవలెను. కంకి మొదటి భాగమును రెండు అరచేతుల నడుమ నలిపినప్పుడు గింజ సులువుగ రాలవలెను. రాలిన గింజను గోటితో నొక్కినచో చిదుగక గట్టిగా నిలువవలెను. కంకిలో సగమునకు మించిన భాగమున ఇట్లుండినచో కొనకొరకు కాచుకొనక కోయవలెను. కొన గింజ పోయినను నష్టము లేదు. అది తాలు గింజయే.

కోత తెల్లవారుజామున, మంచు తడి యుండగా సాగింపవలెను. ఎండలో కోసినచో గింజ చేలోనే జారును. కోసిన కంకులను గుడ్డపై పరచి, రెండు మూడు దినములు ఎండబెట్టి, కఱ్ఱతో మెల్లగా కొట్టి, సన్న జల్లెడ పట్టి, చిరుగాలిలో చేటతో చెరుగవలెను. బలమగు గాలిలో తూర్పారబట్టినచో గింజయు పొట్టుతో పోవును. మొదటి దెబ్బలకు రాలిన గింజను వేరుగ తీసి అదియే విత్తనముగ నుంచవలెను. బలముగ దంచగా రాలినది కడపటి గింజ. బాగుగ ఎండిన గింజను పొడి పాత్రలో, తేమ తగలని చోట, రకము పేరును పంట తేదీని వ్రాసి యుంచవలెను.

లెక్క

విత్తనమునకు మంచి మొక్కలను విడిచిన నష్టము కాదా యని రైతు అడుగవచ్చును. లెక్క చూడవలెను. తోటకూర గింజలు వేయి కలిసి ఒక గ్రాము తూగవు. ఎకరమునకు విత్తనము ఒక కిలో చాలును. చక్కగ సాగిన గింజ తెగ ఎకరమునకు 6 క్వింటాళ్ళిచ్చిన, పైన చెప్పిన ఎడమున ఎకరమునకు ఇంచుమించు 58,000 మొక్కలు పట్టును గనుక, మొక్కకు సుమారు 10 గ్రాములు పడును. ఆకు తెగలలో గింజ ఇంతకంటె తక్కువ; మూడవ వంతే వచ్చుననుకొందురు గాక, తొందర మొక్కలను సగము పీకివేసినపిదపను, గుంట నేలలో సగము ఒక ఎకరమునకు కావలసిన విత్తనమిచ్చును. ఎకరమునకు 40 గుంటలు. అందులో ఎనుబదవ భాగమును ఒక పంటకాలము విడిచిపెట్టుట, మిగిలిన నేలయంతటికి రెండు మూడు కోతలను అధికముగ సంపాదించుటకే. గింజ బాగుగ ఎండి తేమ తగలకుండ నిలిచినచో ఒక పర్యాయము తీసిన విత్తనము మరునాటి విత్తులకును పనికివచ్చును.

జ్ఞాపకముంచుకొనవలసిన అంశములు

1. ముందు పూచిన మొక్క అంగడికి. వెనుక పూచిన మొక్క విత్తనమునకు.

2. పోలిక ఒకే మడిలో, ఒకే దినమున విత్తిన మొక్కల నడుమనే చేయవలెను.

3. తొందర మొక్కలను పుప్పొడి రాలకముందే తీసివేయవలెను.

4. విత్తనపు మొక్క కొనను తుంచరాదు, ఆకును కోయరాదు.

5. 18 అంగుళముల వరుస, 6 అంగుళముల ఎడము, మొదళ్ళకు మట్టి.

6. కంకి రంగు కాక గింజ గట్టితనమే పక్వమునకు గుర్తు. కోత మంచు వేళ.

7. మొదట రాలిన గింజయే విత్తనము.

జొన్నలోను వరిలోను మేలైన వెన్నులను ఏరి విత్తనమునకు వేరుగ కట్టు అలవాటు పెద్దల నాటినుండి కలదు. ఆ శ్రద్ధలో పదవ వంతు తోటకూరపై చూపిన చాలును. ఆకుకూర అల్పమగు పంట యని కొందరు తలంతురు గాని, బావి క్రింద నాలుగు గుంటల మడి గల కుటుంబమునకు ప్రతి వారము చేతికి రొక్కము తెచ్చునది అదియే. కావున వచ్చు తొలకరికి విత్తు మూట విప్పుటకు ముందు, ఆ గింజ ఏ మొక్కలనుండి వచ్చినదో ప్రతి రైతు తన్నుతాను ప్రశ్నించుకొనవలెను. అమ్ముడుపోక మిగిలిన కంకులనుండి వచ్చినదైనచో, ఈ యేటనే గుంటలో సగము నేలను విత్తనపు మడిగ విడువవలెను. మంచి విత్తనము సంతలో దొరకినప్పుడు కొనవచ్చును. దొరకిన దానిని చెడకుండ నిలుపుకొనుట మాత్రము రైతు చేతిలోని పని.